ముందు ఎండాకులు, తర్వాత బకెట్టు

ఇంట్లో ఎరువు చేసుకుందామని సరదా పడినవాళ్లు మొదట డబ్బా కోసం వెతుకుతారు. అటక మీద పాత బకెట్టు దొరుకుతుంది. దానికి నాలుగు చిల్లులు పొడిచి, ఆ పూట తీసిన సొరకాయ తొక్కలు, టీ వడగట్టిన పిప్పి అందులో వేసి మూత పెడతారు. వారం తిరిగేసరికి ఆ మూత తీయడానికి ఇంట్లో ఎవరూ ముందుకు రారు. ఆ తర్వాత ఎరువు ఊసెత్తితే దెబ్బలాటే. ఇందులో బకెట్టు తప్పేమీ లేదు. ఎండు సరుకు చేతిలో లేకుండా తడి సరుకు మొదలుపెట్టడం దగ్గరే కథ అడ్డం తిరిగింది.

కాబట్టి ఈ అధ్యాయంలో మీరు చేయాల్సిన మొదటి పని ఒక గోనె సంచి నిండా ఎండాకులు సంపాదించడం. అది నిండేదాకా బకెట్టు జోలికి వెళ్లకండి.

ఎందుకంటే వంటింటి చెత్తలో ఎక్కువ భాగం నీళ్లే. దోసకాయ, ఆనపకాయ, టమాటా, తోటకూర కాడ, ఏది తీసుకున్నా నూటికి 80 పాళ్ల పైమాటే. దాన్ని ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకేమో గాలి కావాలి. తొక్కలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాక లోపల గాలి ఆడే సందు ఉండదు. అప్పుడు గాలి అక్కర్లేని ఇంకో రకం జీవులు పని అందుకుంటాయి. కుళ్లిన కోడిగుడ్డు కంపు వాటి చలవే, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు అది. ఎండాకు ఆ ముద్ద మధ్య సందులు పెడుతుంది, ఎక్కువైన నీటిని పీలుస్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది. ఈ జీవులు హాయిగా పనిచేయాలంటే నత్రజని 1 పాలు ఉన్నచోట కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలి. కూరగాయల చెత్తలో అది 15, 20 దగ్గరే ఆగిపోతుంది. ఎండాకుల్లో 50కి పైన ఉంటుంది, రంపపు పొట్టులో వందల్లో ఉంటుంది. రెండూ కలిపితేనే లెక్క కుదురుతుంది. కర్బనం చాలకపోతే మిగిలిన నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. పశువుల కొట్టంలో అడుగుపెట్టగానే ముక్కుకు ఘాటుగా తగిలేది అదే.

దొడ్లో పెంటకుప్ప ఉన్న రోజుల్లో ఇవేవీ ఎవరూ ఆలోచించాల్సిన పని లేకపోయింది. తినదగ్గ తొక్కలు గేదె కుడితిలోకి పోయేవి. పేడ, పశువులు తినగా మిగిలిన చొప్ప, పొయ్యిలో బూడిద, ఊడ్చిన తుక్కు అన్నీ ఒకే కుప్ప మీద పడేవి. ఎండూ తడీ కలవడం దానంతటదే జరిగిపోయేది. వేసవిలో ఆ కుప్పను బండ్లకెత్తి చేలకు తోలేవారు. ఈ రకం పనినే ఒక క్రమంలో పెట్టి రాసినవాడు ఆల్బర్ట్ హోవర్డ్. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పంటల పరిశోధన సంస్థను నడిపాడు. పంట చెత్తనూ పేడనూ పొరలుగా వేసి, గాలి తగిలేలా తిరగేస్తూ ఎరువు చేసే తీరును యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకంగా తెచ్చాడు. ఇండోర్ పద్ధతి అంటే అదే. ఆ తర్వాత 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య ఇంకో దారి చూపించారు. గుంటలో పొరలుగా నింపి, పైన మట్టి మెత్తి, తిరగెయ్యకుండా నెలల తరబడి వదిలేయడం. రెండో అంతస్తు ఫ్లాట్లో గుంట ఎక్కడ తవ్వుతాం? మన బాల్కనీ బకెట్టులో జరగాల్సింది ఇండోర్ పద్ధతే, కాస్త చిన్న మోతాదులో.

ఎండాకులు ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్లు ఒకరోజు పొద్దున్నే కిందికి దిగి చూడాలి. వాచ్‌మన్ బాదం చెట్టు కిందా కానుగ చెట్టు కిందా ఊడ్చి, కుప్ప పోసి, అగ్గిపుల్ల గీయబోయే సమయం అది. "అన్నా, దాన్ని తగలబెట్టకు. ఈ గోతంలోకి ఎత్తిపెట్టు, నేను పైకి పట్టుకుపోతా" అంటే మొదటిరోజు వింతగా చూస్తాడు. నాలుగు రోజులయ్యాక గోతం అతనే అడుగుతాడు, ఎందుకంటే పొగ బాధ తప్పింది అతనికే. బాదం ఆకు పెద్దది, దళసరిది. సంచిలో వేసి కాళ్లతో తొక్కితే పెళపెళా విరిగి దారికొస్తుంది. వేప, కానుగ, రావి ఆకులు మంచివి. మామిడాకు, టేకాకు తొందరగా చివకవు, ముక్కలు చేస్తేనే పనికొస్తాయి.

ఆకులు దొరకనివాళ్లకు ఇంట్లోనే సరుకుంది. కొబ్బరికాయ పీచు, పల్లీకాయల తొక్కలు, కోడిగుడ్ల అట్ట ట్రేలు, పార్శిళ్లు వచ్చిన అట్టపెట్టెలు (మీదున్న ప్లాస్టిక్ టేపు ఊడబీకాలి), రంగు మెరుపుల్లేని దినపత్రిక ముక్కలు. వడ్రంగి దగ్గర చిత్రిక పట్టిన పొట్టు బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ అది అసలు చెక్కదేనా అని అడిగి తీసుకోండి. ప్లైవుడ్ కోసిన పొడిలో జిగురు ఉంటుంది. చెరకు రసం బండి దగ్గర పిప్పి ఎంతైనా ఇస్తారు. దాన్ని ఎండబెట్టకుండా వేస్తే మాత్రం కాలనీలో చీమలన్నీ మీ ఇంటికే వస్తాయి.

ఇక డబ్బా

ఇంటికి రంగులేయించినప్పుడు మిగిలిపోయే 20 లీటర్ల ఎమల్షన్ బకెట్టు ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. గోడ మందం, మూత బిగువు, మోయడానికి పిడి. లోపల అంటుకున్న రంగు పూర్తిగా ఎండనిచ్చి గోటితో లేపితే పొరలుగా ఊడి వస్తుంది. ఎనామిల్ రంగులు, టర్పెంటైన్, పురుగుమందులు ఉన్న డబ్బాలు ఎంత కడిగినా వద్దు. 15 కిలోల నూనె డబ్బా వాడొచ్చు గానీ తుప్పు పట్టి అడుగు జారిపోతుంది, కోసిన అంచు చెయ్యి కోస్తుంది. అంచును లోపలికి మడిచి సుత్తితో కొట్టగలిగితేనే దాని జోలికి వెళ్లండి. చాకలి బుట్ట లాంటి సందుల ప్లాస్టిక్ బుట్టకు లోపల గోనె పట్టా పరిచినా సరిపోతుంది, అయితే అది డాబా మీద మాత్రమే. కింద కారే నీటిని ఆపడం దాని వల్ల కాదు.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది బీటవారిన మట్టికుండ. నీళ్లకు పనికిరాని కుండ ఎరువుకు పనికొస్తుంది. దాని ఒళ్లంతా సన్నటి రంధ్రాలే కాబట్టి తేమ తనంతట తనే బయటికి పోతుంది. బెంగళూరులో 2006లో పూనమ్ బీర్ కస్తూరి మొదలుపెట్టిన డెయిలీ డంప్ వాళ్ల మట్టి ఖంబా, ఒకదాని మీద ఒకటి మూడు అరలు, ఈ గుణం మీద నడిచేదే. కుండ బరువు, పగిలే భయం ఉన్నవాళ్లకు పెయింటు బకెట్టే నయం. ఇక్కడి నుంచి బకెట్టు లెక్కలోనే చెబుతాను.

మేకును ఎర్రగా కాల్చి పొడవడం అందరికీ తెలిసిన విద్యే. ఆ పొగ పీల్చడం ఎందుకు? ప్రతి వీధిలో ఎవరో ఒకరి దగ్గర డ్రిల్లింగ్ మెషిన్ ఉంటుంది. 8 మిల్లీమీటర్ల బిట్టుతో, అంటే పెన్సిల్ దూరేంత చిల్లులు, అడుగున 10, 12 వేయండి. పక్కల్లో కింది నుంచి పైదాకా బెత్తెడు ఎడంలో వరసలు వేయండి. ఒక వరసలోని చిల్లు పై వరసలో రెండు చిల్లుల నడిమికి రావాలి, లేకపోతే బకెట్టు ఒకే గీత మీద చీలుతుంది. చిల్లు చుట్టూ లేచిన ప్లాస్టిక్ బుడిపెలను పాత చాకుతో గీకేయండి, కలిపేటప్పుడు చేతికి గుచ్చుకుంటాయి.

తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది, దోమతెర చుట్టడం. గాలి దూరే చిల్లులోంచి ఈగ కూడా దూరుతుంది. చిరిగిన దోమతెర ముక్కను బకెట్టుకు బయటివైపు చుట్టి, పాత సైకిల్ ట్యూబును అడ్డంగా కోసిన రింగులతో పైనా కిందా బిగించండి. లోపలివైపు అంటిస్తే కర్రతో కలిపిన ప్రతిసారీ చిరుగుతుంది. మూత కింద కూడా ఒక మడత తెర వేసి, దాని మీద మూత పెట్టండి.

ప్లంబింగ్ పనిలో మిగిలిన రెండంగుళాల పైపు ముక్క ఉంటే దానికీ చిల్లులు పొడిచి బకెట్టు నడిమధ్యన నిలబెట్టండి. పైపు లేకపోతే రెండు నీళ్ల సీసాలకు మూతీ అడుగూ కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, చిల్లులు పెడితే అదే పని చేస్తుంది. బకెట్టులో ముందుగా గాలి అందనిది నడుమే. అడుగున మూడు వేళ్ల మందాన ఇటుక పెళ్లలు, వాటి మీద కొబ్బరి పీచు పరవండి. రెండు ఇటుకల మీద బకెట్టు, వాటి మధ్య ఒక పాత పళ్లెం. నలుగురున్న ఇంటికి ఇలాంటివి రెండు కావాలి. ఒకటి నిండి మాగుతుంటే రెండోది నడుస్తుంది.

రోజూ ఏం చేయాలి

సింకు పక్కన చిల్లుల గిన్నె ఒకటి పెట్టండి. తొక్కలు, కాడలు అందులో పడి నీరు కారిపోవాలి. పొద్దుపోయాక రోజుకు ఒక్కసారి చాలు. పెద్దవాటిని ముక్కలు చేసి బకెట్టులో వేసి, దాదాపు అంతే కొలత ఎండాకు మీద చల్లండి. వానాకాలంలో రెండింతలు. కొలతలు గుర్తుండకపోతే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మూత వేసేటప్పుడు పచ్చి తొక్క ఒక్కటి కూడా కంటికి కనపడకూడదు. ఈగకు కనపడనిదాని మీద గుడ్లు పెట్టడం కష్టం.

మొదటిసారి పని అందుకోవడానికి గుప్పెడు చెట్టు కింద మట్టి, లేదా ఎండు పేడ నలిపిన పొడి, లేదా పుల్లమజ్జిగ కాసిని నీళ్లలో కలిపి చిలకరిస్తే సరిపోతుంది. దుకాణాల్లో దీనికోసం పొడులు అమ్ముతారు. కొంటే నష్టం లేదు, కొనకపోయినా ఆగేదేమీ లేదు. కావాల్సిన జీవులు తొక్కల మీద ముందే ఉన్నాయి. వారానికి రెండుసార్లు పాత చీపురుకర్రతోనో తోట గరిటెతోనో అడుగు నుంచి పైకి కలపండి. గుప్పెడు తీసి పిండి చూస్తే గట్టిగా పిండి ఆరేయబోయే తుండుగుడ్డలా తడి తగలాలి, చుక్క కారకూడదు. కారితే ఎండాకు, పొడిపొడిగా రాలితే నీళ్లు.

మన వంటింట్లో ఏది వెయ్యొచ్చు, ఏది వద్దు అనే దగ్గరే ఎక్కువ సందేహాలు. కరివేపాకు రెబ్బల ఈనెలు, గోంగూర కాడలు, ఉల్లిపొట్టు, అరటి తొక్క, టీ పిప్పి, కాఫీ పిప్పి నిశ్చింతగా వేయండి. కోడిగుడ్డు పెంకు నలిపి వేయండి, నలపకపోతే ఎరువు తయారయ్యాక కూడా పెంకు పెంకులాగే కనిపిస్తుంది. చింతపండు పిప్పి కొంచెం కొంచెంగా. నిమ్మ, బత్తాయి తొక్కలు కూడా అంతే. పులిహోర చేసిన రోజూ రసం తీసిన రోజూ మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే పులుపు ఎక్కువై పని నెమ్మదిస్తుంది. ములక్కాడ పిప్పి చివుకుతుంది, ఆలస్యంగా. మామిడి టెంక గురించి తర్వాత చెబుతాను. ఆపిల్ మీది స్టిక్కర్, కొన్ని రకాల టీ బ్యాగుల గుడ్డ ప్లాస్టిక్కే, ఎన్నాళ్లున్నా అలాగే ఉంటాయి.

పచ్చడి, పులుసు, వేపుడు మిగులు వద్దు. ఉప్పు మొక్కకు చేటు, నూనె తొక్కలకు పూత పట్టి గాలి తగలనివ్వదు. మిగిలిన అన్నం గుప్పెడు ఎప్పుడైనా పడితే ఎండాకు కింద కప్పేయండి, అలవాటు చేయకండి. అన్నం వాసనకు ఎలుక వస్తుంది. మాంసం, చేప, ఎముకలు, పాలు, కుక్క పెంట ఈ బకెట్టుకు కావు. పెద్ద కుప్పయితే లోపల 60 డిగ్రీల దాకా కాగి రోగకారక క్రిముల్ని చంపుతుంది. 20 లీటర్ల బకెట్టుకు అంత వేడి పుట్టించే ఒళ్లు లేదు.

దేవుడి గదిలో పూలు, వినాయక చవితి పత్రి, ఉగాది మామిడి తోరణాలు ఒక్కరోజే కుప్పగా వచ్చిపడతాయి. వాటిని పచ్చిగా వేయకండి. దారాలు, మెరుపు కాగితాలు తీసేసి డాబా మీద కాగితం పరిచి ఎండబెట్టి గోనె సంచిలో చేర్చండి. తడి సరుకుగా వచ్చి ఎండు సరుకుగా నిలవైపోతాయి. పండగ చెత్తతో బకెట్టు మునిగిపోయేవాళ్లు ఈ చిన్న కిటుకు పట్టుకుంటే సగం కష్టం తీరుతుంది.

ఊరిని బట్టి కూడా చెయ్యి మార్చాలి. రామగుండంలో మే నెలలో బకెట్టు ఎండి పనే ఆగిపోతుంది. రెండు రోజులకోసారి నీళ్లు చిలకరించి నీడలో పెట్టుకోవాలి. విశాఖలో గాలిలోనే ఉక్క కాబట్టి నీళ్ల అవసరం రాదు, ఎండాకు ఖర్చు ఎక్కువ.

లోపల ఏమవుతుంది

నాలుగైదు రోజులకు మూత తీసి చెయ్యి దగ్గర పెడితే గోరువెచ్చగా తగులుతుంది. మూత లోపలివైపు నీటి బొట్లు వరసగా పట్టి ఉంటాయి. అరటి తొక్క మీదా ఆకుల అంచుల్లోనూ తెల్లటి నూలుపోగుల్లాంటి బూజు పాకుతుంది. ఇది చూసి పాడైందని పారబోసేవాళ్లున్నారు. ఆ బూజు రావడమే మంచి శకునం, గట్టి పీచును అదే విడదీస్తుంది. సరుకు రోజురోజుకీ కుంగుతుంది. నిన్న అంచుదాకా ఉన్నది ఇవాళ జానెడు దిగి ఉంటే కంగారు పడకండి, దానివల్లే 20 లీటర్లలో వారాల తరబడి చెత్త పడుతుంది.

అసలు పరీక్ష పురుగులు. ఒకరోజు మూత తీసేసరికి బూడిదరంగులో, అంగుళం పొడవున, లావుపాటి పురుగులు కుతకుతలాడుతూ కనిపిస్తాయి. సగం ఇళ్లల్లో ఈ పని ఆగిపోయేది ఆ రోజే. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. పెద్ద ఈగ కుట్టదు, అన్నం మీద వాలదు, రోగాలు మోసుకొచ్చే అలవాటు దానికి లేదు. దాని పిల్లలు మాత్రం తొక్కల్ని తినే వేగం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎదిగాక ముదురు గోధుమరంగుకు తిరిగి వాటంతటవే బయటికి పాకిపోతాయి. కోళ్లున్న ఇంట్లో అయితే వాటికి పండగే. అవి మరీ ఎక్కువయ్యాయంటే తడి పెరిగిందని అర్థం. రెండు రోజులు తొక్కలు ఆపి ఎండాకు కలపండి. సన్నటి చిన్న ఈగలు ముసిరినా మందు అదే. ఎర్ర చీమలు పట్టాయంటే మాత్రం దానికి ఉల్టా, లోపల ఎండిపోయింది, నీళ్లు చిలకరించి కలపండి.

పళ్లెంలోకి దిగిన గోధుమరంగు నీటిని పదింతల నీళ్లు కలిపి పెద్ద మొక్కల మొదట్లో పోయొచ్చు. కంపు కొడుతుంటే మొక్కకు వద్దు.

ఇంట్లో మనుషుల సంగతి కూడా ఈ అధ్యాయంలోదే. తులసికోట పక్కన బకెట్టు పెట్టి, అందులో పురుగులు అత్తగారి కంట పడితే ఎంత శాస్త్రం చెప్పినా నెగ్గలేరు. బాల్కనీలో ఆవిడ పూజ వైపు కాకుండా బట్టలారేసే వైపు పెట్టండి. పనమ్మాయికి రెండు గిన్నెలు చూపించి, ఏది ఎందులో వేయాలో మాటతో కాదు, ఒకసారి చేసి చూపించండి. బకెట్టు కలపడం మాత్రం ఒక్కరి పనిగా ఉండాలి. అందరిదీ అనుకున్నది రెండో వారానికి ఎవరిదీ కాకుండా పోతుంది. స్కూలుకెళ్లే పిల్లలకు అప్పగిస్తే బాగా చేస్తారు, పెద్దవాళ్లు అసహ్యించుకునే పురుగుల్ని వాళ్లు లెక్కపెడతారు.

ఎరువు దించడం

బకెట్టు నిండిన రోజున పైన రెండు వేళ్ల మందాన ఎండాకు వేసి, తారీఖు రాసి పక్కన పెట్టండి. వారానికోసారి కలపడం తప్ప ఇంకేం చేయకండి. ఎండాకాలంలో 45 నుంచి 60 రోజులు, చలికాలంలో మూడు నెలల దాకా పట్టొచ్చు. నల్లటి గోధుమరంగుకు తిరిగి, ఏది తొక్కో ఏది ఆకో పోల్చలేకుండా అయి, తొలకరి మట్టివాసన వేస్తుంటే మాగినట్టే. పది కిలోల చెత్తకు రెండు కిలోలో, కాస్త పైనో తేలుతుంది.

అనుమానం ఉంటే మెంతులతో చూడండి. ఒక గిన్నెలో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో మట్టీ ఎరువూ కలిపి పదేసి మెంతులు చల్లండి. మూడు నాలుగు రోజుల్లో రెండింట్లోనూ సమానంగా మొలిస్తే ఎరువు సిద్ధం. ఎరువు గిన్నెలో మొలక తక్కువైతే ఇంకో రెండు వారాలు ఆగండి. పచ్చి ఎరువు మొక్క మొదట్లో వేస్తే అది మాగడానికి మట్టిలోని నత్రజనినే లాక్కుంటుంది, ఆకులు పసుపుబారతాయి.

కుండీ నింపేటప్పుడు మూడు పాళ్ల మట్టికి ఒక పాలు కలపండి. ఎదిగిన కరివేప, మల్లె, గులాబీలకు నెలకోసారి రెండు గుప్పెళ్లు మొదట్లో వేసి పైమట్టితో కలిపితే చాలు. కుండీలో మీరు నాటని టమాటా మొక్క, గుమ్మడి తీగ మొలిచినా ఆశ్చర్యపోకండి. బకెట్టు వేడికి చావని గింజలవి, కావాలంటే పెంచుకోవచ్చు.

వాడేముందు ఎరువును పాత జల్లెడలో పోసి జల్లించండి. మామిడి టెంకలు, కొబ్బరి పీచు, చివకని ములక్కాడ పీచు పైన మిగులుతాయి. టెంక ఒక్క విడతలో ఎరువు కాదు, రెండు మూడు విడతలు తిరగాల్సిందే. ఆ మిగులును పారేయకుండా, ఖాళీ అయిన బకెట్టులో ఇటుక పెళ్లల మీద అడుగు పొరగా వేసేయండి. పని చేసే జీవులు దానికి అంటుకునే ఉంటాయి కాబట్టి ఈసారి మజ్జిగ అవసరం కూడా రాదు.